ఏరు లేని ఊరిలో ఒడ్డు నడక

(సంఘము వేసవి సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



ఈ సాయంకాలము నాకు అప్పగించిన విషయము "వేసవిలో మన ఊరి ఒడ్డు తోటలలో నడక" అనునది. కార్యదర్శిగారు ఈ మాట ప్రకటించిన నాడే మిత్రులొకరు, "ఒడ్డు కావలెనన్న ముందొక ఏరుండవలదా?" అని నవ్విరి. ఆ నవ్వులో న్యాయమున్నది. సుమతీ శతకకారుడు మనిషి కాపురముండదగిన ఊరికి గుర్తులు చెప్పుచు, ఎండిపోని ఏటిని వానిలో ఒకటిగా లెక్కించెను. ఆయన కోరిన తక్కిన వసతులు మనకు కలవు. సహకార సంఘములో అప్పు పుట్టును, ఆసుపత్రిలో వైద్యుడుండును. ఏరు మాత్రము లేదు. శతకకారుని మాట అక్షరాల పాటింపవలెనన్నచో, మనమందరము పెట్టెలు సర్దుకొని, విశాఖపట్టణము పోవు ఓడకొరకు హడ్డో రేవులో నిలువవలసియుండును.

అట్లు నిలువలేదు గనుక, ఏరు లేని ఈ ఊరిలో ఒడ్డున్నదా, ఉన్నచో దానితో మనకేమి పని, అను రెండు ప్రశ్నలను మీ ముందుంచుచున్నాను.

తెలుగువారికిని ఏటి గట్టుకును గల చుట్టరికము పాతది. నన్నయభట్టు భారతమును తెనిగింప పూనుకొన్నది గోదావరి గట్టుననున్న రాజమహేంద్రవరమున. మనలో పలువురు ఏటి పేరు చెప్పి తమ ఊరు చెప్పుకొనువారే. శ్రీకాకుళమువారికి నాగావళి, హిరమండలమువారికి వంశధార, రాజమండ్రివారికి గోదావరి, బెజవాడవారికి కృష్ణ, నెల్లూరువారికి పెన్న. ఆ గట్లమీద స్నానములు చేసితిమి, బట్టలారవేసితిమి, పరీక్షలకు చదివితిమి, పెద్దలను సాగనంపితిమి. బదిలీమీద ఎంత దూరము పోయినను, సాయంకాలమగుసరికి కాళ్ళు చాచి కూర్చుండుటకు ఒక గట్టున్న బాగుండునని మనసు వెదకుచునే యుండును.

నగరములు తమ ఒడ్డులను తోటలుగా తీర్చుకొన్న కథ గమనింపదగినది. ఆ తోటలలో పెక్కు ఆపత్కాలమున పుట్టినవి. 1858 వేసవిలో థేమ్సు నది దుర్గంధమునకు లండను నగరము ఉక్కిరిబిక్కిరి యయ్యెను. అటుపిమ్మట బాజల్జెట్ అను ఇంజనీరు మురుగు కాలువలు నిర్మించి నది అంచున గట్టు కట్టించెను. ఆ గట్టుమీదనే తోటలు వెలసెను. మన హైదరాబాదులో 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకొనెను. నది ఒడ్డు తోటలోని ఒక చింతచెట్టు కొమ్మలు పట్టుకొని 150 మంది బ్రతికి బయటపడిరని చెప్పుదురు. ఆ చెట్టు తరువాత ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో భాగమయ్యెను. ఆ ప్రళయము పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహామీద ఉస్మాన్ సాగరు, హిమాయత్ సాగరు జలాశయములు ఏర్పడెను. 1912లో వెలసిన నగరాభివృద్ధి మండలి మూసీ ఒడ్డులను గట్లతోను తోటలతోను తీర్చిదిద్దెను.

అనగా ఒడ్డు తోట యనునది నీటి కోపమునుండి ఊరు నేర్చుకొన్న పాఠము. నీటికిని ఇండ్లకును నడుమ కొంత నేలను ఏ ఒక్కరికిని చెందనీయక, అందరిదిగా విడిచిపెట్టవలెనని ఆ పాఠము చెప్పుచున్నది. ఈ మాటను మనసున నుంచుకొని మన ఊరిని చూతము.

మన ఊరు 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురమను క్రొత్త పేరు పొందినది. నాలుకకు అలవాటైన పేరు పోర్ట్ బ్లెయిర్. దక్షిణ అండమాను తూర్పు అంచున, కొండకొనలపైనను పల్లములందును కడలి పాయల చుట్టును అల్లుకొన్న పట్టణమిది. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన కురియును. ఇంత వాన కురిసియు ఏరేల లేదని పిల్లలడుగుదురు. దీవి సన్ననిది, కొండల వెన్నెముక ఉత్తర దక్షిణములుగా సాగినది. కొండమీద పడిన నీరు వాగుగా దిగి, ఏరుగా పెరుగకమునుపే ఉప్పునీట కలిసిపోవును. అండమానులలో ఏరని పిలువదగినది ఉత్తరమున దిగ్లిపురము వద్దనున్న కల్పాంగు, దానిపై 5.25 మెగావాట్ల చిన్న జలవిద్యుత్కేంద్రమున్నది. మన ఊరికి మాత్రము కడలి పాయయే కృష్ణ, కడలి పాయయే గోదావరి. అబర్డీను తీరమునకును ఎదుటనున్న రాస్ దీవికిని నడుమనున్న నీటిని గాలి లేని వేకువజామున చూచినవారికి, అది ఏరు కాదని చెప్పుట కష్టము.

ఇక నడకకు వేళ నిర్ణయింపవలెను. వేసవి యనగానే మనకు రెంటచింతల ఎండలు జ్ఞప్తికి వచ్చును. ఇచట ఏప్రిల్, మే నెలలలో సైతము పగటి వేడిమి 33 డిగ్రీల దరిదాపులనే ఉండును. కాని గాలిలోని తేమ చొక్కాను ఒంటికి అంటించివేయును. గడియారము దేశమంతటికిని ఒక్కటే యైనను, తూర్పుననున్న మనకు సూర్యుడు ముందు వచ్చును. మే నెలలో అయిదు గంటల ప్రాంతమున ప్రొద్దు పొడుచును. సాయంకాలము ఆరు కాకమునుపే క్రుంకును. కావున నాలుగున్నరకు లేచినవారు, అయిదింటికి గంటస్తంభము వద్ద కలిసి, ఏడింటికి ఇల్లు చేరి, ఆఫీసులో వేళకు హాజరు వేసికొనవచ్చును. సెలవు చీటీ అక్కరలేదు.

అబర్డీను బజారు గంటస్తంభమునుండి సముద్రమువైపు పల్లమునకు దిగినచో నేతాజీ స్టేడియము వచ్చును. పూర్వమిది జింఖానా మైదానము. 1943 డిసెంబరు 30వ తేదీన సుభాష్ చంద్రబోసుగారు పతాకము నెగురవేసిన చోటు ఇదియే. అది దాటిన వెంటనే ఉప్పుగాలి మొగమునకు తగులును. తీరము వెంబడి జలక్రీడల ప్రాంగణము, మెరీనా పార్కు, పిల్లల ఆటస్థలము, నేతాజీ విగ్రహము ఒకదాని తరువాత ఒకటి కనబడును. గట్టుగోడమీద కూర్చున్నచో ఎదుట రాస్ దీవి. దానికి 2018లో నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపమను పేరుపెట్టిరి. ఉత్తరముగా చూచినచో నార్త్ బే దీపస్తంభము, దాని వెనుక పచ్చని కొండ. ఆ దృశ్యమును కొండమీదినుండి చూచి చిత్రించినది పాత ఇరువదిరూపాయల నోటు వెనుకవైపున నుండెడిది. ఇంట పాత నోటున్న పిల్లలు దానిని తెచ్చి పోల్చి చూచుకొనవచ్చును.

ఇంతవరకు ఇది కనులపండువు. అదే తీరమున రెండు స్మారకములున్నవి. వాని ముందు ఒక్కొక్క నిమిషము నిలువుడని మీకు మనవి చేయుచున్నాను.

మొదటిది అబర్డీను యుద్ధ స్మారకము. 1858 మార్చి 10వ తేదీన డాక్టరు వాకరు 200 మంది ఖైదీలతో ఈ రేవునకు వచ్చెను. లండనువారు థేమ్సు దుర్గంధమునకు ముక్కు మూసికొన్న వేసవి ఆ సంవత్సరముదే. వాకరు ఖైదీలచే అడవి నరికించి తీరము నాక్రమింపజొచ్చెను. మరుసటి ఏడు, 1859 మే నెలలో, గ్రేట్ అండమానీయులు విల్లంబులు చేతబట్టి ఈ తీరముపైకి వచ్చిరి. పారిపోయి వారితో ఏడాదిపాటు కలిసి బ్రతికిన దూధనాథ్ తివారీ అను ఖైదీ ముందుగా వచ్చి దొరలకు కబురందించెను. తుపాకుల ముందు విల్లులు నిలువలేదు. ఆ పిమ్మట యుద్ధముకన్న ఎక్కువగా రోగములు వారిని హరించెను. వేలలోనున్న ఆ జాతి నేడు కొన్ని పదులకు దిగినది. మనము గాలికొరకు కూర్చుండు ఈ గట్టు, మనకు ముందు ఒకరి వేటపట్టు, ఒకరి ఇల్లు. ఈ సంగతి తెలిసి కూర్చుండుటకును, తెలియక కూర్చుండుటకును భేదమున్నది.

రెండవది సునామీ స్మారకము. 2004 డిసెంబరు 26వ తేదీ ఆదివారమున భూమి కంపించిన పిమ్మట సముద్రము ఈ దీవులపైకి వచ్చెను. దీవులన్నింట కలిపి 3,500కు పైగా జనులు మరణించిరి, లేక గల్లంతైరి. అందు అధికభాగము నికోబారు దీవులవారు. మన ఊరిలో రేవుగట్లు, మెరీనా తీరము దెబ్బతినెను. దక్షిణ అండమాను భూమి సుమారు ఒక మీటరు క్రుంగెను. ఇండ్లకును సముద్రమునకును నడుమ విడిచిన నేల విలువ ఎంతయో ఆ ఉదయమున తెలిసెను. మూసీ చెప్పిన పాఠమునే కడలి మరల చెప్పెను.

ఇచట మరియొక విషయము గుర్తింపవలెను. లిటిల్ అండమానులోని డుగాంగ్ క్రీకు వద్దనున్న ఓంగేలు భూకంపము రాగానే మెరకనేలకు తరలిపోయి బ్రతికిరి. వారికి తెలియజేయుటకు రేడియో లేదు, తంతి లేదు. భూమి కదలినచో, సముద్రము వెనుకకు తగ్గినచో, మెరకకు పోవలెనని పెద్దలు చెప్పిన మాట ఉన్నది. మనము మూడేండ్లు ఈ ఊరనుండియు, క్వార్టర్సునుండి మెరకకు పోవు దగ్గరి దారి తెలిసికొనక తిరిగిపోవుచున్నాము. ఒడ్డు నడకకు మొదటి ఫలము ఇదియే కావలెను: సముద్రమువైపు దిగు దారితోపాటు దానినుండి పైకెక్కు దారియు మన కాళ్ళకు తెలియవలెను.

తీరము వెంట సౌత్ పాయింటువైపు సాగినచో 2018లో నిలిపిన 150 అడుగుల పతాకస్తంభము కనబడును. అచటనుండి వెనుదిరిగి మెరక నెక్కినచో సెల్యులర్ జైలు. 1896లో ఆరంభించి 1906లో ముగించిన ఈ కట్టడమునకు ఏడు విభాగములుండెడివి; నేడు మూడు నిలిచియున్నవి. 1979 ఫిబ్రవరి 11వ తేదీన దీనిని జాతీయ స్మారకముగా అంకితము చేసిరి. జైలునకు ఎదుట ఒక చిన్న తోటయున్నది. అందు ఈ జైలులో ప్రాణములు విడిచిన ఆరుగురి విగ్రహములు కలవు. వారిలో మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నమోదాస్, మోహిత్ మైత్ర అను మువ్వురు 1933 మే నెల నిరాహారదీక్షలో మరణించినవారు. అబర్డీను పోరు మే నెలలో జరిగెను; ఈ దీక్షయు మే నెలలోనే జరిగెను. మనకు సెలవులు, మామిడిపండ్లు, ఊరి ప్రయాణములు తెచ్చు ఈ నెల ఈ ఊరి చరిత్రలో ఎంత బరువైనదో చూడుడు.

ఆ గోడల వెనుక తెలుగువారును ఉండిరని మన పిల్లలకు తెలియవలెను. 1922 నుండి 1924 వరకు అల్లూరి సీతారామరాజుగారి వెంట పోరాడిన మన్యము వీరులలో కొందరిని ఈ దీవులకు పంపిరి. అందు బోనంగి పండుపడాలు ఒకడు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారిగారును ఇచట ఖైదుననుభవించిరి. మన్యమున వాగుల ఒడ్డున తిరిగినవారికి, కాకినాడ తీరమున పెరిగినవారికి, కొట్టు గవాక్షమునుండి వినబడిన అలల చప్పుడు ఎట్లుండినదో ఊహించుట మన తరము కాదు. వారికి సముద్రము గోడలకు వెలుపల మరియొక గోడ. మనకు అదియే విహారస్థలము. ఆ మార్పును తెచ్చినవారిలో వారును ఉన్నారు. తోటలో వేరుసెనగ తొక్కలు పారవేయకుండుట వారికి మనము చూపగల మర్యాదలలో అన్నిటికన్న చిన్నది.

తీరము విడిచి ఊరిలోపలికి వచ్చినచో గాంధీ పార్కు చేరుదుము. మన ఊరిలో మంచినీటి ఒడ్డున కూర్చుండదలచినవారికి ఇది ముఖ్యమైన చోటు. ఇచటి నీటిమడుగునకు దిల్తామన్ చెరువని పేరు. ఒకనాడు ఊరంతయు ఈ చెరువు నీటిమీదనే ఆధారపడెడిది. తరువాత చెరువు చుట్టును తోట, కాలిబాట, జింకల ఆవరణ, పిల్లల ఆటలు ఏర్పడెను. జపానువారు ఈ దీవులను 1942 మార్చినుండి 1945 అక్టోబరువరకు ఆక్రమించియుండిరి. వారి కాలపు గుడి శిథిలమును, నేలమాళిగయు ఈ తోటలో కనబడును.

పిల్లలు జింకలను చూచుచుండగా పెద్దలు చెరువును చూడవలెను. నేడు మన దాహము తీర్చునది ముఖ్యముగా ధనీఖారీ ఆనకట్ట. జనవరినుండి ఏప్రిల్ వరకు వానలుండవు. వేసవి ముదిరిన కొలది ఆనకట్టలో నీరు తగ్గును. కుళాయి రోజు విడిచి రోజు వచ్చును, ఒక్కొక్క ఏడు అంతకన్న ఆలస్యముగను వచ్చును. ఇంటిలో ఇల్లాండ్రు బిందెలు, బకెట్లు, డ్రమ్ములు నింపుకొను ఆ ఉదయములు మీకందరకును తెలిసినవే. నాలుగు వైపుల నీరుండియు త్రాగునీటికి కరవుపడు ఊరు మనది. కావున ఊరి నడుమ చెరువు ఒడ్డును తోటగా నిలుపుకొనుట ముచ్చట మాత్రమే కాదు. అది మన పాత దాహమునకు గుర్తు. వాననీటిని ఇంటి కప్పునుండి పట్టుకొని దాచుకొనవలెనని ఆ చెరువు ఒడ్డు మనకు నోరు విప్పకయే చెప్పుచున్నది.

ఓపికగలవారు, సెలవు దినమైనచో, సౌత్ పాయింటునుండి తీరపు బాట వెంట కార్బిన్స్ కోవ్ వరకు నడువవచ్చును. దారి పొడవున జపానువారి కాంక్రీటు నేలమాళిగలు సముద్రమువైపు కనులు తెరచి నిలిచియున్నవి. 1863లో రాస్ దీవిపై అండమానీయులకొరకు ఒక గృహమును స్థాపించిన మతబోధకుడు హెన్రీ కార్బిన్ పేరు ఈ తీరమునకు నిలిచినది. కొబ్బరిచెట్ల వరుస, వంపు తిరిగిన ఇసుకతీరము కనులకు చల్లదనమునిచ్చును. కాని నీట దిగకమునుపు హెచ్చరిక పలకలు చదువుట మరువకుడు. ఈ దీవుల పాయలలో ఉప్పునీటి మొసళ్ళున్నవి.

ఈ బాటన నడచునపుడు చెట్లను పేరుపెట్టి పిలువుడు. ఆశ్చర్యమేమనగా, వానిలో పెక్కింటికి మన భాషలో పేర్లున్నవి. తీరమున పచ్చగా మెరయుచున్నది పొన్న. పసుపుపూలతో, గుండె ఆకారపు ఆకులతో నిలిచినది గంగరావి. అటుపిమ్మట కానుగ, బాదము, మొగలి; పాయల మొగలలో మడచెట్లు. కోరంగి మడఅడవులను చూచినవారికి ఇవి క్రొత్తవి కావు. ఇక ఈ దీవులకే ప్రత్యేకమైన పడౌకు వృక్షము మన శేషాచలము కొండల ఎర్రచందనమునకును, వేగిచెట్టునకును దాయాది. మువ్వురిది ఒకే కుటుంబము, ఒకే గోత్రము. 1883లో నెలకొల్పిన చాతాము రంపపు మిల్లులో తరతరములుగా కోసిన కలపలో దీనిది పెద్దపీట. మన ఊరి చెట్టు బంధువు ఇచట ముందే వచ్చి స్థిరపడియుండగా, మనకు పరాయిదనమేల?

పశ్చిమముగా సిప్పీఘాటు వైపు పోయినచో మరియొక రకము ఒడ్డు కనబడును. 2004లో నేల క్రుంగుటచే అచటి పొలములలోనికి ఉప్పునీరు వచ్చి నిలిచెను. వరి పండిన మళ్ళు మడుగులయ్యెను. రైతులకు అది తీరని నష్టము. కాలక్రమమున ఆ మడుగులకు కొంగలు, ఉల్లంకిపిట్టలు, ఈ దీవులకే ప్రత్యేకమైన అండమాను బాతులు చేరెను. అది ఎవ్వరును వేయని తోట. అచటకు పోయినవారు పక్షులను చూచి సంతోషింతురు. పొలము పోయినవాని ముఖము చూచినచో సంతోషము కొంత తగ్గును. రెండును చూడదగినవే.

ఇంతవరకు స్థలములను చెప్పితిని. మనుష్యులను చెప్పక ముగించుట న్యాయము కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారము ఈ దీవులలో నూటికి పదుమువ్వురు తెలుగు మాతృభాషగా గలవారు. వారిలో అధికులు శ్రీకాకుళము, విశాఖపట్టణ ప్రాంతములనుండి వచ్చి, వలలు వేసి, గోడలు కట్టి, దుకాణములు నడిపి స్థిరపడినవారు. మనమో, ఉత్తరువుమీద వచ్చి ఉత్తరువుమీద పోవువారము. మనము ద్వీపభత్యమును లెక్కించుకొందుము. వారు ద్వీపమును తమదనుకొందురు. మెరీనా గట్టుగోడమీద ఒక ముదుసలి తాపీమేస్త్రీ నాతో అన్న మాటలను ఆయన యాసలోనే చెప్పెదను: "మాది వంశధార వొడ్డు బాబూ. ఈడకొచ్చి ముప్పయ్యేళ్ళయినాది. మొదట్లో ఏరు నేదని ఏడుపొచ్చీది. ఇప్పుడు ఊరికెల్తే సంద్రం నేదని నిద్దరట్టదు."

ఈ మాటలో మన ప్రసంగ విషయమంతయు ఉన్నది. ఆ మేస్త్రీకి సముద్రముతో చుట్టరికము కుదిరినది. మనకు కుదరకపోవుటకు కారణము మూడేండ్ల కాలపరిమితి యని అనుకొందుము. నాకట్లు తోచదు. మూడేండ్లనగా వేయి ఉదయములకు మించియున్నవి. వానిలో ఎన్ని ఉదయములు ఒడ్డున గడపితిమను లెక్క చూచుకొన్నచో అసలు కారణము తెలియును. పెట్టెలు పూర్తిగా విప్పక, గోడకు మేకు కొట్టక, తిరిగి పోవు దినమును లెక్కించుచు కాలము గడపు కుటుంబములు మనలో కొన్ని కలవు. పెద్దలకు అది మూడేండ్ల నిరీక్షణ. పిల్లలకు మాత్రము అది బాల్యము. ఏడేండ్ల వయసున వచ్చి పదేండ్ల వయసున వెడలిపోవు పిల్లవానికి, "నీవు పెరిగిన ఊరి ఒడ్డు ఏది?" అని రేపెవ్వరైన నడిగినచో, చెప్పుకొనుటకు ఒక ఒడ్డుండవలెను. తండ్రి గోదావరి వాని గోదావరి కాజాలదు. వానికి మనము ఈ ఒడ్డును చూపనిచో, రెండు ఒడ్డులును లేనివానిగా పెంచినవారమగుదుము.

కావున సంఘమువారికి నాలుగు మనవులు చేయుచున్నాను. ఒకటి: నెలకొక ఆదివారము వేకువను కుటుంబములతో ఒడ్డు నడక నియమింపుడు. బదిలీమీద క్రొత్తగా వచ్చినవారిని మొదటి నెలలోనే వెంట తీసికొనిపొండు. కిరాణా దుకాణము చూపుటకన్న ఇది తక్కువ అవసరము కాదు. రెండు: పిల్లలు ఒక నోటుపుస్తకమున తీరపు చెట్ల పేర్లు, పక్షుల పేర్లు తెలుగునను, ఇచట వాడుకలోనున్న హిందుస్తానీలోను వ్రాసికొనునట్లు చేయుడు. ఇచట స్థిరపడిన పెద్దలను పిలిచి చెప్పించినచో నోటుపుస్తకమును నిండును, చుట్టరికమును కలియును. మూడు: ప్రతి కుటుంబమును తమ ఇంటినుండి మెరకకు పోవు బాటను ఒకమారు కాలినడకన పోయి చూచుకొనవలెను. నాలుగు: తెచ్చుకొన్న ప్లాస్టికు సీసా, పొట్లము కాగితము తిరిగి ఇంటికే తెచ్చుకొనవలెను. సముద్రము దానిని ఉంచుకొనదు. రేపటి పోటులో మనకే తెచ్చి ఇచ్చును.

చివరగా ఒక మాట. మన ఊరికి ఏరు లేదని శతకకారునికి మనము చింతతో చెప్పనక్కరలేదు. మే నెల మూడవ వారమున నైఋతి ఋతుపవనము దేశమున అడుగిడునది ముందుగా ఈ దీవులలోనే. అటుపిమ్మట జూన్ నెలలో తెలుగునేల చేరి, గోదావరిని, వంశధారను, నాగావళిని నింపును. మన గట్టుమీద కూర్చున్నవారు ఆ మేఘమును మన బంధువులందరికన్న రెండు మూడు వారములు ముందుగా చూడగలరు. ఈ వేసవి ముగియుటకు ఇంకను కొన్ని ఉదయములున్నవి. రేపు శనివారము, ఆఫీసు లేదు. అయిదు గంటలకు గంటస్తంభము వద్ద కలిసికొందము.